తాడుకు ముందు చివర

ఇంజిను లేని విమానం అనగానే మా ప్రత్తిపాడులో ఎవరైనా అడిగే మొదటి మాట ఒకటే: "మరి కింద పడదా?"

పడదు. గ్లైడర్ రెక్కలు బాగా పొడుగు, ఒళ్లు తేలిక. మంచి గ్లైడర్‌ని కిలోమీటరు ఎత్తున వదిలితే, గాలి నిలకడగా ఉన్న రోజున నలభై కిలోమీటర్ల దాకా జారుకుంటూ పోగలదు. ఎండకు నేల కాగి వేడిగాలి పైకి లేచే చోటు దొరికిందా, గద్దలు తిరిగే ఆ గాలిలోనే తానూ తిరుగుతూ గంటల తరబడి పైనే ఉంటుంది. అసలు ప్రమాదం దాన్ని అంత ఎత్తుకు చేర్చే మొదటి నాలుగైదు నిమిషాల్లో ఉంది. తనంతట తాను లేవలేదు కాబట్టి, ముందు ఒక చిన్న ఇంజిను విమానం తాడు కట్టి లాగాలి. ఆ విమానంలో ఒక్కడే ఉంటాడు. అతని సంగతి ఎవరూ అడగరు. గ్లైడర్‌లో ఉన్నవాడికి ఏమవుతుందోనని అందరి చూపూ వెనకే ఉంటుంది. తాడుకు ముందు చివర కూర్చునే ఆ ఒక్కడిని నేను.

ఒక మే నెల మధ్యాహ్నం, టెక్సాస్‌లో, ఆ సీటులో కూర్చుని నేల నా మీదికి రావడం చూశాను. బతికి బయటపడ్డాను. ఇదే ప్రమాదంలో చిక్కి చెప్పుకోవడానికి మిగలని పైలట్లు చాలా దేశాల్లో ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పాలనుకుంటున్నాను.

మాది గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఉన్న ప్రత్తిపాడు. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మా ఇంట్లో మరో మాట ఉండేది కాదు. పురుగుమందు కొట్టడమంటే నాకు తెలిసింది నాన్న వీపున పంపు తగిలించుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని సాళ్ల మధ్య నడవడం. తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన 1987 నాటి కబుర్లు వింటూ పెరిగాను. ఆ ఏడాది అప్పుల పాలై గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్న రైతుల గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. చదువుకున్నాను, ఉద్యోగం అమెరికా తీసుకెళ్లింది. టెక్సాస్‌లో దిగాక నాకు మొదట ఆశ్చర్యం కలిగించింది అక్కడి మట్టి. రాష్ట్రం నడిమధ్యన ఒక పొడవాటి పట్టీ అంతా మన రేగడే. వానకు ఉబ్బి బంక అవుతుంది, ఎండకు అరచెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దానిమీద పత్తి వేస్తారు. అక్కడి పొలాలకు మందు కొట్టేది మాత్రం విమానాలు.

గ్లైడర్‌ని లాగే విమానాల్లో చాలావి అలా మందు కొట్టడానికి పుట్టినవే. పైపర్ కంపెనీ 1959 నుంచి 1981 దాకా పానీ అనే ఒంటిసీటు విమానాన్ని ఐదు వేలకు పైగా చేసింది. ఫ్రెడ్ వీక్ అనే ఇంజినీరు దాన్ని గీశాడు. మందు తొట్టిని పైలట్‌కి ముందు పెట్టాడు, పైలట్‌ని వెనగ్గా, ఎత్తుగా, గట్టి ఉక్కు గొట్టాల చట్రంలో కూర్చోబెట్టాడు. పొలంలో కూలినా మనిషి బతకాలన్నది ఆయన ఆలోచన. మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1972లో మొదటిసారి ఎగరేసిన బసంత్ కూడా ఇదే పనికి, ఇంచుమించు ఇదే తీరులో తయారైంది. మందు తొట్టి ఖాళీగా ఉన్న పానీకి బలం మిగిలిపోతుంది. ఆ మిగులు బలంతో గ్లైడర్‌ని లాగుతుంది. చాలా గ్లైడింగ్ క్లబ్బులు ఈ పాత విమానాలను కొనుక్కుని, తోకకు కొక్కెం బిగించి, దశాబ్దాలుగా నడుపుకుంటున్నాయి.

విమానం నడపడం నేర్చుకున్నాక ఒక క్లబ్బులో లాగే పనికి కుదిరాను. జీతం ఉండదు, శనాదివారాల్లో ఇష్టంతో చేసే పని. దానికి అమెరికాలో లైసెన్సుతో పాటు కనీసం వంద గంటలు పైలట్‌గా ఎగిరిన అనుభవం ఉండాలి. విడిగా శిక్షణ తీసుకుని, నేర్పినవారి చేత ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. ఇవన్నీ పూర్తిచేసే నేను ఆ సీటు ఎక్కాను. ఒకణ్ణి ఆకాశంలోకి చేర్చి, వదిలి, గిరుక్కున తిరిగి కిందికి వచ్చి మళ్లీ మరొకణ్ణి తీసుకెళ్లడంలో నాకు గొప్ప తృప్తి ఉండేది. పడవ దాటించేవాళ్లకు ఉండే తృప్తి అలాంటిదేమో.

లాగడం ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. తాడు సుమారు రెండు వందల అడుగులు. రెండు చివర్లా ఇనుప రింగులు. ఒకటి నా తోక కింది కొక్కేనికి, రెండోది గ్లైడర్ కొక్కేనికి. ఎవరి కొక్కేన్ని వాళ్లు లోపలి నుంచి వదిలేయవచ్చు. గ్లైడర్‌లో వదిలే పిడి సాధారణంగా పసుపు రంగులో ఉంటుంది. కంగారులో వెతుక్కోకుండా కంటికి తగలాలని ఆ రంగు. గ్లైడర్‌కి కొక్కెం ముక్కు దగ్గరైనా ఉంటుంది, పొట్ట కిందైనా ఉంటుంది. ముక్కు దగ్గరున్న కొక్కెం గ్లైడర్‌ని బుద్ధిగా వెనక నడిపిస్తుంది. పొట్ట కింద ఉన్నది నేల మీది యంత్రంతో తాడు చుట్టి పైకి లేపడానికి మంచిది. మన దేశంలో ఒకప్పుడు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలు గ్లైడర్ ఎక్కింది అలాంటి యంత్రంతోనే. విమానం వెనక మాత్రం ఆ పొట్ట కొక్కెం గ్లైడర్ ముక్కును ఎత్తనిస్తుంది, అడ్డు చెప్పదు.

మాట్లాడుకోవడానికి రేడియో ఉన్నా, గాలిలో సంజ్ఞలే ముఖ్యం. నేను రెక్కలు అటూ ఇటూ ఊపితే "వెంటనే తాడు వదిలెయ్" అని. తోక చుక్కాని ఒక్కదాన్నే ఊపితే "నీ రెక్కల మీది బ్రేకులు తెరుచుకున్నాయి, చూసుకో" అని. ఈ రెండోదాన్ని మొదటిదిగా పొరబడి, చెట్ల ఎత్తులో తాడు వదిలేసి, బ్రేకులు తెరిచే ఉండి నేలకు కొట్టుకున్నవాళ్లున్నారు. తాడు తెగితే ఏంచెయ్యాలో గ్లైడర్ పైలట్లకు గట్టిగా నేర్పుతారు. రెండు వందల అడుగుల ఎత్తు దాటగానే వాళ్లు ఆ అంకె పైకి చెప్పుకుంటారు: అంతకు కింద తెగితే ముందున్న పొలంలో దిగాలి, ఆపైన తెగితే వెనక్కి తిరిగి రన్‌వేకి రావచ్చు. చూడండి, ఈ శిక్షణంతా వెనకున్న మనిషి కోసం. ముందున్నవాణ్ణి కాపాడే శిక్షణ కూడా వెనకున్నవాడికే ఇవ్వాలి. ఎందుకంటే ముందున్నవాడి ప్రాణం వెనకున్నవాడి చూపు మీద ఆధారపడి ఉంటుంది. నాకున్నదల్లా చిన్న అద్దం. అందులో గ్లైడర్ నాకు సమంగా వెనక ఉన్నంతసేపే కనపడుతుంది.

గ్లైడర్ నాకంటే కొంచెం పైకి వెళితే తోక మీద చిన్న లాగుడు తెలుస్తుంది, దిద్దుకోవచ్చు. బాగా పైకి వెళితే తాడు తోకను ఎత్తేస్తుంది. ఎద్దుబండి వెనక భాగాన్ని నలుగురు పట్టుకుని ఎత్తితే కాడి వెళ్లి నేలకు కొట్టుకుంటుంది కదా, అదే జరుగుతుంది. తోక లేచిన కొద్దీ ముక్కు దిగుతుంది. నా ముక్కు దిగిన కొద్దీ తాడు ఇంకా బిగుసుకుంటుంది. గ్లైడర్ వేగం పుంజుకుని ఇంకా నిటారుగా లేస్తుంది. ఇందులో ఒకదానికొకటి ఎగదోసుకోవడమే తప్ప సర్దుకోవడం ఉండదు. ఒక హద్దు దాటాక ముందున్నవాడు స్టిక్ ఎంత లాగినా లాభం లేదు. తోకలో ఉన్న చిన్న రెక్కకు ఆ తాడును మించే బలం లేదు.

ఆ మధ్యాహ్నం ఎండ బాగా కాస్తోంది. నేల నుంచి గాలి గడ్డలుగడ్డలుగా పైకి లేస్తోంది. గ్లైడర్ వాళ్లకు మంచి రోజు, లాగేవాడికి కుదుపుల రోజు. వరసలో తర్వాతది ఒంటిసీటు గ్లైడర్, పొట్ట కింద కొక్కెం. అందులో ఉన్నాయన నాన్నకంటే పెద్దవాడు, మర్యాదస్తుడు, నేను పుట్టకముందు నుంచీ గ్లైడర్లు నడుపుతున్నవాడు. తాడు తగిలించారు. రెక్క పట్టుకున్న కుర్రవాడు రెక్క ఎత్తాడు. నేను ఇంజిను పూర్తిగా తెరిచాను.

ఎప్పుడూ గ్లైడరే ముందు నేల వదులుతుంది, తర్వాత నేను. అలాగే లేచాం. గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగం. కంచె దాటాం, పత్తి చేను దాటాం. అప్పటికి సుమారు ఆరు వందల అడుగుల ఎత్తు. ఒక గాలి గడ్డ కుదిపింది, మామూలే అనుకున్నాను. అద్దంలోకి చూశాను. గ్లైడర్ లేదు.

గ్లైడర్ అద్దంలో కనపడకపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది, మలుపులో పక్కకు జరుగుతుంది. ఈసారి ఆ ఆలోచన పూర్తయ్యేలోపే విమానం ముక్కు దిగిపోయింది. నేను దించలేదు. నా చేతులు స్టిక్‌ని పొట్టలోకి లాగుతూనే ఉన్నాయి. ఎదుట ఆకాశం పోయింది, దూరాన కనపడే నేల అంచు పోయింది. ఎదుటి గాజు నిండా నల్లటి నేల, లేత పత్తి సాళ్లు. నిలువునా కిందికి చూస్తున్నాను.

పట్టీలు భుజాల్లోకి దిగాయి. ఒంట్లో బరువంతా పైకి పోయింది. కాళ్లు పెడల్స్ మీది నుంచి లేచాయి. విమానం అడుగున ఎన్నాళ్లుగానో పేరుకున్న దుమ్ము, గడ్డిపరకలు ఒక్కసారిగా లేచి కళ్లల్లో, నోట్లో పడ్డాయి. తాడు వదిలే లీవరు సీటు పక్కన కింద ఉంటుంది. నేల మీద కూర్చున్నప్పుడు చెయ్యి వాలిస్తే అందుతుంది. పట్టీలకు వేలాడుతున్న నాకు అది అందడం లేదు. చెయ్యి కిందికి తోస్తున్నాను, ఒళ్లు పైకి పోతోంది. వేళ్లు రెండుసార్లు గాలినే పట్టుకున్నాయి. చివరికి ఇనుము తగిలింది. లాగాను. కదలలేదు. ఇంకా గట్టిగా లాగాను, మణికట్టులో ఏదో పటుక్కుమంది, లీవరు మాత్రం రాలేదు.

ఈ ముక్క నేను ఎవరికి చెప్పినా "అప్పుడు ఏమనిపించింది?" అని అడుగుతారు. భార్యాపిల్లలు గుర్తొచ్చారా, దేవుడు గుర్తొచ్చాడా అని. ఏమీ గుర్తు రాలేదు. ఆ లీవరు ఎందుకు రావడం లేదన్న ఒక్క ప్రశ్న తప్ప నాలో ఇంకేమీ లేదు. పత్తి మొక్కల ఆకులు విడివిడిగా కనపడుతున్నాయి. అంత పైనుంచి ఆకులు విడిగా కనపడకూడదు.

అప్పుడు తోక వెనక నుంచి తుపాకీ పేలినంత చప్పుడు వచ్చింది. పొట్టలోకి లాగి పట్టుకున్న స్టిక్‌కి ప్రాణం వచ్చింది. విమానం నన్ను సీటులోకి అణగదొక్కుతూ ముక్కు ఎత్తింది. కళ్లకు చీకటి కమ్మింది, అంచుల నుంచి లోపలికి. ఆ చీకటిలోనే స్టిక్ కొంచెం వదిలాను, మరీ లాగితే రెక్కలు గాలి పట్టు తప్పుతాయని తెలుసు కనక. చూపు తిరిగి వచ్చేసరికి నా ఎదుట కరెంటు స్తంభాల వరస, దాని పైన ఆకాశం. తీగలు దాటాను. నేల మీద నుంచి చూసినవాళ్లు, వంద అడుగులు మిగిలి ఉంటాయేమో అన్నారు. మొదటి నుంచి చివరి దాకా ఎంతసేపని అడిగాను. పది సెకన్లు కూడా లేదని చెప్పారు.

తెగింది తాడు కాదు. తాడుకు గ్లైడర్ వైపు చివర కావాలని బలం తక్కువగా కట్టే ఒక చిన్న ముక్క ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం లాగే తాడు గ్లైడర్ గరిష్ఠ బరువులో ఎనభై శాతానికి తగ్గని, రెండు వందల శాతానికి మించని బరువు దగ్గర తెగాలి. తాడు అంతకంటే గట్టిదైతే చివర్లలో అలాంటి ముక్క తప్పనిసరి. ఆ ముక్క తెగింది. రెండు వందల అడుగుల తాడు నా తోకకు వేలాడుతూ ఆ కరెంటు తీగల మీదుగా వచ్చింది. అది తీగలకు చుట్టుకోకపోవడం అదృష్టమే. రన్‌వే మీదికి వచ్చాక లీవరు మళ్లీ లాగాను. ఈసారి వేలితో లాగినట్టు వచ్చేసింది, తాడు గడ్డిలో పడింది. ఆ తేలిక చూసి నాకు ఒళ్లంతా కోపంతో మండింది. ప్రాణం పోయేటప్పుడు రానిది, అవసరం తీరాక ఎంత సుళువుగా వచ్చింది!

దిగాను. ఇంజిను ఆపాను. సీటులోంచి లేవలేకపోయాను, ఇద్దరు వచ్చి దింపారు. గ్లైడర్ అప్పటికే క్షేమంగా దిగి ఉంది. ఆ పెద్దాయన గడ్డి మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేల వదిలిన కాసేపటికి ఆయన తలపై ఉన్న గాజు మూత గొళ్లెం ఊడి, గాలికి తెరుచుకుందట. అది ఊడిపోకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో చెయ్యి స్టిక్ మీద ఉంది, పసుపు పిడి మీద లేదు. మూత వైపు చూసినంతసేపూ గ్లైడర్ తనంతట తాను లేస్తూ పోయింది. తిరిగి ముందుకు చూసేసరికి నేను లేను. "నువ్వు కనపడలేదు, ఎటు వెళ్లావో అర్థం కాలేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను ఆయన ముక్కు కింద, నిలువునా నేలకు దిగుతున్నాను.

ఆయన మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. మూత తెరుచుకుంటే పట్టుకోవాలని ఏ మనిషి చెయ్యి అయినా లేస్తుంది. ఆ చెయ్యి ముందు పసుపు పిడి వైపు పోవాలి, మూత పోతే పోనీ అని మనసుకు ముందే పట్టించి ఉండాలి. మూత లేకుండా గ్లైడర్ దిగగలదు. తోక ఎత్తేసిన విమానం అంత తక్కువ ఎత్తులో దిగలేదు.

మణికట్టుకు కట్టు వేశారు, భుజాల మీద పట్టీల వాతలు నల్లబడి పసుపు తిరిగి పోవడానికి వారాలు పట్టింది. ఆ రాత్రే మా ఆవిడకు మొత్తం చెప్పాను. తను వింటూ వింటూ, "ఇంకో మాట చెప్పకండి" అని లేచి వెళ్లి పిల్లల గదిలో పడుకుంది. నాకు నిద్ర పట్టేది కాదు. కన్ను మూస్తే పత్తి ఆకులు. ఆఫీసులో లిఫ్ట్ కిందికి దిగడం మొదలవగానే చేతులు దేనికోసమో పక్కకు వెతుక్కునేవి. కారు ఫ్లైఓవర్ దిగుతుంటే చెమటలు పట్టేవి. డాక్టరు దగ్గరికి వెళ్లాను, మాట్లాడించి నయం చేసే మనిషి దగ్గరికీ వెళ్లాను. వెళ్లడం మంచిదైంది. మగవాళ్లు, అందులోనూ మన పల్లెల మగవాళ్లు, ఇలాంటి భయాన్ని ఒంటరిగా మోస్తారు. మోయక్కర్లేదు.

నిద్ర పట్టని ఆ రాత్రుల్లో నేను చేసింది చదవడం. లీవరు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు నాకు కావాలి. జవాబు కొత్తది కాదు. బ్రిటన్‌లో ఇలాంటి ప్రమాదాల్లో పైలట్లు వరసగా చనిపోతుంటే, 1970ల చివర్లో అక్కడి గ్లైడింగ్ అసోసియేషన్ తరఫున అనుభవమున్న పైలట్లు చాలా ఎత్తుకు వెళ్లి, కావాలని ఇదే పని చేసి చూశారు. గ్లైడర్ కావాలని నిటారుగా లేచింది, ముందున్న విమానం కావాలని ఆ దెబ్బ తిన్నది. వాళ్లు చూసింది ఇది: అంతా కొద్ది సెకన్లలో ముగిసిపోతుంది, ముందున్నవాడు గ్రహించి లీవరు పట్టుకునే వ్యవధి ఉండదు. బలహీనపు ముక్క సమయానికి తెగుతుందని నమ్మడానికి లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది కొక్కెం సంగతి. ష్వైట్జర్ రకం కొక్కెం తాడు వెనక్కి లాగుతున్నప్పుడు చక్కగా వదులుతుంది. తాడు పైకి లాగుతున్నప్పుడు రింగు కొక్కేన్ని దాని పట్టులోనే బిగించేస్తుంది. అంటే మామూలు రోజున పనిచేసి, ప్రాణం మీదికి వచ్చిన రోజున పనిచెయ్యదు. నేను ఎక్కిన విమానానికి ఉన్నది ఆ కొక్కెమే. దాన్నే తలకిందులుగా బిగిస్తే ఆ బిగుసుకుపోవడం తప్పుతుంది. జర్మనీ వాళ్ల టోస్ట్ కొక్కెం పెడితే తాడు ఏ వైపు లాగినా వదులుతుంది. కొన్ని దేశాల్లో తాడును కోసేసే కత్తి కూడా విమానంలోనే అమర్చుకుంటారు. అన్నీ తెలిసిన సంగతులే, పుస్తకాల్లో ఉన్నవే. తెలిసి ఇన్నేళ్లయినా పాత కొక్కేలు పాత విమానాలకు అలాగే వేలాడుతున్నాయి. నా బాధంతా ఇక్కడే ఉంది. డబ్బు లేక కాదు, అది పెద్ద ఖర్చేమీ కాదు. "ఇన్నేళ్లూ ఏమీ కాలేదుగా" అన్న ఒక్క మాట చాలు, పని వాయిదా పడటానికి.

తాడు కట్టి గాలిలో లాగడం జర్మనీలో 1927లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి దాన్ని హద్దులు దాటించారు. జర్మన్లు ఒక్క రాక్షస గ్లైడర్‌కి మూడేసి విమానాలు కట్టి లాగారు, ఒకటి తడబడితే నాలుగూ పోయేవి. మన దేశం నుంచే, అస్సాంలోని లాలాఘాట్ మైదానం నుంచి, 1944 మార్చి 5 రాత్రి బ్రిటిష్ సేనాని విన్‌గేట్ సేనలను బర్మా అడవుల్లో దించడానికి అమెరికన్ విమానాలు ఒక్కొక్కటి రెండేసి గ్లైడర్లను లాక్కుంటూ కొండలు దాటాయి. గ్లైడర్లలో మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు. ఆ రాత్రి తాళ్లు తెగాయి. కొన్ని గ్లైడర్లు కొండలకు ఇవతల పడ్డాయి, కొన్ని శత్రువుల మధ్య పడ్డాయి. ఆ తాళ్ల చివర్లలో ఉన్న కుర్రాళ్లకు వెనక్కి తగ్గే అవకాశం లేదు, యుద్ధం పంపింది. శనివారం సరదాకి ఎగిరే మనకు ఆ నిర్బంధం లేదు. మంచి కొక్కెం లేకపోతే ఆ రోజు ఎగరకుండా ఊరుకోవచ్చు.

మరుసటి ఫిబ్రవరిలో ఇంటికి వచ్చాను. అమ్మానాన్నలకు ఫోన్‌లో చెప్పలేదు, ఎదురుగా చెప్పాల్సిన సంగతి ఇది. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. నాన్న, నేను తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాం. ఘాటుకు అలవాటు తప్పి నేను తుమ్ముతుంటే అమ్మ నవ్వింది. అప్పుడు మొదలుపెట్టాను. ఎద్దుబండి కాడి సంగతి ఆ రోజు నాన్నకు చెప్పిన పోలికే. ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉంచుకుని చివరిదాకా విన్నాడు.

అమ్మ అంది, "ఇంకెప్పుడూ ఎక్కనని నా మీద ఒట్టెయ్యి రా."

నేను మాట్లాడలేదు. నాన్న అడిగాడు, "ఆ కొక్కెం మార్చారా?"

"ఇంకా లేదు నాన్నా. మాట్లాడుతున్నారు."

"మాటలెందుకు? పంపుకి వాచరు పోతే మందు ఒంటిమీద పడుతుంది. వాచరు మార్చాకే పంపు తగిలించుకుంటాం. నాలుగు రోజులు చేను మందు లేకుండా ఉన్నా సరే." కాసేపు ఆగి అమ్మ వైపు చూసి, "వాడు ఎక్కుతాడే. నేను అన్నేళ్లు మందు కొడితే నువ్వు వద్దన్నావా? ముక్కుకు తువ్వాలు కట్టావు" అన్నాడు.

అమ్మకు ఆ జవాబు నచ్చలేదు. ఆమెకు నచ్చే జవాబు నా దగ్గరా లేదు. ఎందుకు మళ్లీ ఎక్కాలని ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనది. నేను చెప్పగలిగింది ఒక్కటే: లాగేవాడు లేకపోతే గ్లైడర్ లేవదు. ఎవరో ఒకరు ఆ సీటులో కూర్చుంటారు. ఏం జరుగుతుందో ఒంటిమీద తెలిసినవాణ్ణి నేను. కొక్కెం మార్చేదాకా పోట్లాడటానికి, కొత్తగా వచ్చే కుర్రాళ్లకు చెప్పడానికి నేను అక్కడ ఉండాలి.

తిరిగి వెళ్లాక పోట్లాడాను. కాగితాలు ముందు పెట్టాను, నా మణికట్టు ఎక్స్‌రే కూడా పెట్టాను. టోస్ట్ కొక్కెం వచ్చింది. లీవరు సీటు పక్క నుంచి లేపి, ఇంజిను పిడి దగ్గర, ఎడమచెయ్యి ఎప్పుడూ ఉండే చోట పెట్టించాం. ఒంటి బరువు పైకి పోయినా చెయ్యి అక్కడే ఉంటుంది. అద్దం పెద్దది వేశారు. పొట్ట కొక్కెం మాత్రమే ఉన్న గ్లైడర్లను గాలి మరీ రేగిన మధ్యాహ్నాల్లో లాగకూడదని రాసుకున్నాం. మూత గొళ్లెం వేసుకున్నట్టు రెక్క పట్టుకునేవాడు బయటి నుంచి తన చేత్తో నొక్కి చూసి చెప్పాలి. ఆ పెద్దాయనే ఆ నియమం ముందుగా ప్రతిపాదించాడు. ఇవన్నీ అయ్యాక కూడా మొదటిసారి మళ్లీ లాగినప్పుడు ఆరు వందల అడుగులు దాటేదాకా నా ఊపిరి సరిగా ఆడలేదు. ఇప్పటికీ కుదుపు వచ్చిన ప్రతిసారీ ఎడమచెయ్యి లీవరు మీద బిగుసుకుంటుంది. అది పోవాలని నేను కోరుకోవడం లేదు.

ఇప్పుడు తాడు తగిలించే ముందు నేను విమానం దిగి గ్లైడర్ దగ్గరికి నడిచి వెళతాను. లోపల కూర్చున్నది ఎన్నేళ్ల అనుభవం ఉన్నవారైనా సరే, నా మాట అదే: "మూత తెరుచుకున్నా, పాము కనపడినా, ఏం జరిగినా ముందు నన్ను చూడండి. నేను కనపడకపోతే ఎటు వెళ్లానని వెతక్కండి. పసుపు పిడి లాగండి. ఆ తర్వాత మిగతావి." కొందరు తలూపుతారు. కొందరికి చిరాకు, తమకు తెలియదా అని. ఆ మాట వాళ్ల నోటితో నాకు తిరిగి చెప్పేదాకా, పసుపు పిడి మీద వాళ్ల చెయ్యి పడేదాకా నేను తాడు తగిలించనివ్వను. వెనక వరసలో ఎన్ని గ్లైడర్లు ఎదురుచూస్తున్నా సరే.